పెన్న వెంట నాలుగు రోజులు



మన సరిహద్దు జిల్లాల్లో బెంగళూరుతో పని లేని ఇల్లు దాదాపు ఉండదు. ఒకరి కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తూ ఉంటాడు. ఒకరి కూతురు అక్కడ చదువుకుంటూ ఉంటుంది. వైద్యానికనీ, వ్యాపారానికనీ, పెళ్ళి బట్టలకనీ ఏడాదిలో నాలుగైదు సార్లయినా ఆ దారిన పోయి వస్తూనే ఉంటాం. ఒకప్పుడు 7వ నంబరు అనీ, ఇప్పుడు 44వ నంబరు అనీ పిలిచే జాతీయ రహదారి మీద బస్సెక్కి ఒక కునుకు తీసేలోపు ఊరు వచ్చేస్తుంది. అంత త్వరగా చేరుకుంటున్నాం కాబట్టే ఆ దారి పక్కన ఏముందో మనకు తెలియకుండా పోతున్నది.

ఈ రోజు ప్రసంగంలో బెంగళూరు నుంచి ధర్మవరం దాకా ఒక నాలుగు రోజుల ప్రయాణం వేసుకుందాం. రహదారి మీద సుమారు 200 కిలోమీటర్ల దూరం. బస్సులో ఒక పూట పని. దానికి నాలుగు రోజులెందుకని మీరు అడగవచ్చు. ఈ దారిలో మూడు సంగతులున్నాయి. ఒకటి పెన్నానది, రెండవది విజయనగర కాలపు రాతిపని, మూడవది పట్టు, తోలు మీద బతుకుతున్న చేతిపనులు. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఈ దారి పాతది, మధ్యలో ఉన్న సరిహద్దు కొత్తది. ప్రయాణానికి ముందు ఆ సరిహద్దు కథ కొంచెం చెప్పుకోవాలి.

విజయనగర రాజుల కాలంలో బెంగళూరు, నంది, పెనుకొండ అన్నీ ఒకే ఏలుబడిలో ఉండేవి. తర్వాత పాలెగాళ్ళు వచ్చారు, మరాఠాలు వచ్చారు, హైదరాలీ వచ్చాడు, టిప్పు వచ్చాడు. 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయి టిప్పు సుల్తాన్ మరణించాక ఆయన రాజ్యాన్ని పంచుకున్నారు. నంది, చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు మైసూరు ఒడయార్లకు పోయాయి. హిందూపురం, పెనుకొండ వైపు సీమ నిజాం వాటాకు వచ్చింది. ఆ నిజాము 1800లో తన వాటాను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. అందుకే మన సీమకు దత్తమండలాలని పేరు వచ్చింది. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ, అటు మైసూరు సంస్థానం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడూ, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చినప్పుడూ ఇక్కడ ఈ గీత ఇంచుమించు అలాగే నిలిచింది. అంటే మనం చెక్‌పోస్టు దగ్గర దాటే సరిహద్దు వయసు 200 ఏళ్ళ పైచిలుకు మాత్రమే. గీతకు అటు గౌరిబిదనూరు, బాగేపల్లి ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. ఇటు మడకశిర ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. పెళ్ళి సంబంధాలు, సంతలు, జాతరలు ఆ గీతను ఏనాడూ లెక్కపెట్టలేదు.

ఇక ప్రయాణానికి కాలం ఎంచుకోవాలి. సంక్రాంతి దాటిన తర్వాత, మహాశివరాత్రి లోపల బయలుదేరితే మంచిది. ఎండ ముదరదు. పొద్దున్నే కొండ మీద మంచు ఉంటుంది. పైగా ఆ నెలల్లో ఒక ఊరికి చుట్టాలు వస్తారు. ఆ చుట్టాలెవరో తర్వాత చెబుతాను. శని, ఆదివారాల్లో నందికొండ మీద విపరీతమైన రద్దీ ఉంటుంది కాబట్టి సోమవారమో మంగళవారమో బయలుదేరండి.

మొదటి రోజు బెంగళూరులో మొదలవుతుంది. 1537లో కెంపేగౌడ ఈ ఊరికి మట్టికోట కట్టించాడు. అప్పుడు విజయనగరాన్ని ఏలుతున్నవాడు అచ్యుతదేవరాయలు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, రెండు రోజుల తర్వాత మళ్ళీ కలుస్తాడు. కెంపేగౌడ పూర్వులు దేవనహళ్ళి పక్కనున్న ఆవతి నుంచి వచ్చిన మొరసునాటి ప్రభువులు. ఆయన తెలుగులో గంగాగౌరీ విలాసం అనే యక్షగానం రాశాడని చెబుతారు. బెంగళూరును కట్టించిన ప్రభువు తెలుగులో యక్షగానం రాశాడంటే ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ రోజుల్లో ఈ సీమలో చదువుకున్నవారికి రెండు భాషలూ రెండు చేతుల్లాంటివి.

బెంగళూరు నుంచి ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్లు వస్తే దేవనహళ్ళి. 2008లో విమానాశ్రయం వచ్చాక ఆ పేరు అందరికీ తెలిసింది. విమానాల రొదకు కొంచెం అవతల పాతకోట ఉంది. 1501లో మట్టికోటగా కట్టినదాన్ని 18వ శతాబ్దంలో హైదరాలీ, టిప్పుల కాలంలో రాతికోట చేశారు. టిప్పు పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన యుద్ధాల సంగతి అందరూ చెబుతారు. బెంగాల్ నుంచి పట్టుపురుగులను తెప్పించి మైసూరు రాజ్యంలో పట్టు పరిశ్రమను పెంచిన సంగతి ఈ ప్రయాణంలో మనకు ఎక్కువ ముఖ్యం. ఆ దారం పట్టుకునే నాలుగో రోజున మనం ధర్మవరం మగ్గాల దగ్గరికి చేరతాం. దేవనహళ్ళిలో ఇంకొకటి దొరుకుతుంది. చకోత అని అక్కడ పిలిచే పంపరపనస. దేవనహళ్ళి చకోతకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఊరు పెరిగి, భూములు ప్లాట్లుగా మారి, ఆ తోటలు బాగా తగ్గిపోయాయి. దొరికితే ఒక పండు కొని సంచిలో వేసుకోండి.

అక్కడి నుంచి నందికొండ అడుగున ఉన్న నంది గ్రామానికి రండి. చాలామంది నేరుగా కొండెక్కి, ఫొటోలు తీసుకుని, కింద ఉన్న భోగనందీశ్వరాలయం చూడకుండానే వెళ్ళిపోతారు. ఈ ఆలయం మూలం 9వ శతాబ్దం నాటిది. నొలంబులు, బాణులు, గంగులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు ఒకరి తర్వాత ఒకరు దీనికి ఏదో ఒకటి చేర్చారు. ఒకే ఆవరణలో అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు పక్కపక్కన ఉంటారు. నడుమ ఉమామహేశ్వరుల గుడి, దాని ముందు నల్లరాతి స్తంభాల కల్యాణ మండపం. ఆ స్తంభాల మీద చెక్కిన తీగలు, చిలకలు చూడండి. అవతల శృంగితీర్థమనే కోనేరు. నాలుగు వైపులా మెట్లు, చుట్టూ మండపాలు. కోనేటి మెట్ల మీద ఒక అరగంట కూర్చోండి. ఈ సీమలో నీటిని ఎంత గౌరవంగా చూసుకున్నారో ఆ మెట్లే చెబుతాయి.

అలా గౌరవించడానికి కారణముంది. ఈ నంది కొండల వరస ఆరు నదుల పుట్టిల్లు. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, ఈ వరసలోని చెన్నకేశవ కొండలో పుడుతుంది. దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని, అర్కావతి కూడా ఈ చుట్టుపక్కలే పుడతాయి. కొన్ని తమిళనాడు వైపు, ఒకటి కావేరి వైపు, మిగిలినవి మన వైపు వస్తాయి. పాపాఘ్ని కడప జిల్లాలో పెన్నను కలుస్తుంది. అది పారే రేనాటి సీమలోనే 6వ శతాబ్దంలో తొలి తెలుగు శాసనాలు వెలిశాయి. పెన్న 597 కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఇంత పెద్ద పుట్టింట్లో ఇప్పుడు నీళ్ళు లేవు. ఏళ్ళ తరబడి వానలు లేక, చెరువులు పూడిపోయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి, పెన్న పుట్టినచోట వాగు కూడా పారని సంవత్సరాలే ఎక్కువ. ఇప్పుడు బెంగళూరు నగరం వాడి వదిలిన నీటిని శుద్ధిచేసి, గొట్టాల ద్వారా తెచ్చి, ఈ జిల్లా చెరువుల్లో నింపుతున్నారు. నదులు పుట్టిన సీమ నగరం వాడిన నీటికోసం ఎదురుచూస్తున్నది.

ఇక్కడికి దగ్గర్లోనే ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. వారి పూర్వులు మన మోక్షగుండం నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబం. 1861లో పుట్టి, 1962లో నూరేళ్ళు నిండాక కన్నుమూశారు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద ముప్పు తప్పించే పథకం వేసింది ఆయనే. మైసూరు దగ్గర కృష్ణరాజసాగరం ఆయన ఆధ్వర్యంలోనే మొదలైంది. వారి ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది, సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. పిల్లలతో వెళ్ళేవారు తప్పకుండా చూపించండి. ఎండిన నదుల ఊళ్ళో పుట్టినవాడు జీవితమంతా నీటి లెక్కలే వేశాడని వాళ్ళకు చెప్పండి.

రాత్రికి చిక్కబళ్ళాపురంలోనో కొండ దగ్గరో బస చేసి, రెండో రోజు తెల్లవారుజామునే కొండెక్కండి. ఎత్తు 1,478 మీటర్లు. పైన టిప్పు వేసవి విడిది, యోగనందీశ్వరాలయం, పాత కోటగోడలు ఉన్నాయి. 1791 అక్టోబరులో కారన్‌వాలీసు సైన్యం ఈ కోటను పట్టుకుంది. గాంధీగారు ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు 1927లోనూ, మళ్ళీ 1936లోనూ ఈ కొండ మీద విశ్రాంతి తీసుకున్నారు. 1986లో బెంగళూరులో సార్క్ దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు ఆ దేశాధినేతలు కూడా ఇక్కడికి వచ్చారు. పైన నిలబడి ఉత్తరం వైపు చూడండి. పొగమంచు విడిపోతుంటే ఒకదాని వెనుక ఒకటిగా చెరువులు కనబడతాయి. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు, అది నిండితే ఇంకా కింది చెరువుకు నీరు పోయేలా పెద్దలు కట్టిన గొలుసు అది. ఆ గొలుసు దిగిపోయే వైపే మన ప్రయాణం.

చిక్కబళ్ళాపురం నుంచి పెద్ద రహదారిని వదిలేయండి. పడమర తిరిగి మంచేనహళ్ళి మీదుగా గౌరిబిదనూరు దారి పట్టండి. కొండల మధ్య దారి. అటూ ఇటూ మల్బరీ తోటలు, ద్రాక్ష పందిళ్ళు. మల్బరీ ఆకు కోసి పురుగులకు వేసే ఇళ్ళు ఈ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఈ జిల్లాలోని శిడ్లఘట్ట పెద్ద పట్టుగూళ్ళ సంతల్లో ఒకటి.

గౌరిబిదనూరు దాటి, హిందూపురం రాకముందే విదురాశ్వత్థం ఉంది. పెన్న ఒడ్డున చిన్న పల్లె. విదురుడు నాటాడని చెప్పుకునే మహా అశ్వత్థ వృక్షం ఇక్కడ ఉండేది. 2001లో ఆ చెట్టు కూలిపోయింది. దాని చుట్టూ భక్తులు తరతరాలుగా మొక్కుకుని నిలిపిన నాగశిలలు మాత్రం వేలల్లో ఉన్నాయి. మన అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా సంతానం కోసం ఇక్కడికి వచ్చి నాగప్రతిష్ఠ చేసేవారున్నారు.

ఈ ఊరికి ఇంకొక చరిత్ర ఉంది. 1938 సంవత్సరం. సరిహద్దుకు ఇటువైపు మద్రాసు ప్రెసిడెన్సీలో కాంగ్రెసు మంత్రివర్గం అధికారంలో ఉంది. హిందూపురంలో కాంగ్రెసు జెండా పట్టుకుని తిరగవచ్చు. అటువైపు, కొద్ది మైళ్ళ దూరంలో, మైసూరు సంస్థానంలో అదే జెండా ఎగరేస్తే నేరం. ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో జనం నిషేధాన్ని లెక్కచేయక జెండా కోసం కూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. అధికార్లు చెప్పిన లెక్క పది మంది. జనం చెప్పే లెక్క 30కి పైమాట. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని దీన్ని పిలుస్తారు. దేశమంతా అలజడి రేగింది. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ వచ్చి దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. ఒప్పందం కుదిరి, సంస్థానం జెండాతో పాటు కాంగ్రెసు జెండా కూడా ఎగరేయడానికి అనుమతి వచ్చింది. అక్కడ స్మారక స్తంభం ఉంది, ఆ ఘటనను చూపించే ప్రదర్శనశాల ఉంది. నాగశిలలకు పసుపు, కుంకుమ పెట్టి వచ్చేవారు ఆ స్తంభం దగ్గర కూడా ఒక నిమిషం నిలబడాలి.

విదురాశ్వత్థం నుంచి హిందూపురం చాలా దగ్గర. బెల్లానికీ, చింతపండుకూ, పట్టుగూళ్ళకూ పేరుపడ్డ మార్కెట్టు. పట్టుగూళ్ళ మార్కెట్టు పొద్దుటిపూట చూడాల్సింది. ట్రేలలో తెల్లగా, పసుపుగా గూళ్ళు పోసి ఉంటాయి. నెల రోజుల కష్టం ఆ ట్రేలో ఉంటుంది. ఆ రోజు ధర ఎంత పలికితే రైతు ముఖం అలా ఉంటుంది. మనం కొనే చీర ధర అక్కడే మొదలవుతుంది.

హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు లేపాక్షి. రెండో రోజు రాత్రి అక్కడే ఉండండి. మూడో రోజు ఎండ రాకముందే గుడికి వెళ్ళండి. మధ్యాహ్నం బస్సుల జనం వచ్చాక ఆ చిత్రాలు తీరికగా చూడలేరు.

ఇక్కడే అచ్యుతదేవరాయలు మళ్ళీ కలుస్తాడు. ఆయన ఏలిన 1529–1542 మధ్యకాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలమనే తాబేటి ఆకారపు కొండ మీద వీరభద్రస్వామి ఆలయం కట్టించారు. విరుపణ్ణ పెనుకొండ సీమకు కోశాధికారి. అంటే బెంగళూరు మట్టికోట, లేపాక్షి గుడి ఒకే రాయల కాలంలో లేచినవి. ఈ సంగతి తెలిసి చూస్తే నాలుగు రోజుల దారి ఒకే ఊరిలాగా అనిపిస్తుంది. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము వాడాడన్న నింద రాగా విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడనీ, ఆ మరకలే అవనీ ఒక ఎర్రని మచ్చను చూపిస్తారు. లేపాక్షి పేరును ఆ కథతో ముడిపెట్టేవారున్నారు. జటాయువును రాముడు లే పక్షీ అన్నాడని ఇంకొక కథ. కథల నిజానిజాలు ఎలా ఉన్నా, కల్యాణ మండపం అసంపూర్తిగా ఆగిపోయిందన్నది కళ్ళకు కనబడే నిజం. పైకప్పు లేని ఆ స్తంభాలు ఆకాశం కింద అలాగే నిలబడి ఉన్నాయి.

వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగే సరదా అందరూ తీర్చుకుంటారు. మీరూ తీర్చుకోండి. ఆ తర్వాత మెడ ఎత్తి పైకప్పు చూడండి. సున్నపు పూత మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులతో, నల్లని రేఖలతో వేసిన బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, రామ పట్టాభిషేకం. స్వామికి మొక్కుతున్న విరుపణ్ణ, వీరణ్ణలు పొడుగాటి కుళ్ళాయిలు పెట్టుకుని ఉంటారు. ఆడవాళ్ళ కొప్పులు, చీరల అంచులు, పూల మొగ్గలు ఎంత వివరంగా వేశారో చూడండి. 16వ శతాబ్దంలో ఈ సీమ జనం ఏం కట్టుకున్నారో తెలుసుకోవడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు. అక్కడి నుంచి లతా మండపానికి రండి. ప్రతి స్తంభం మీద తీగలు, పువ్వులు, హంసలు వేర్వేరు వరసల్లో చెక్కారు. ఈ వరసలే మన చీరల అంచుల్లోకి వచ్చాయి. ధర్మవరం నేతగాళ్ళు ఇప్పటికీ లేపాక్షి డిజైను అంటూ ఉంటారు. రాతి మీద ఉలితో చేసిన పని మగ్గం మీదికి దారంగా వచ్చిందన్నమాట. చేతిపనుల ప్రభుత్వ దుకాణాలకు లేపాక్షి పేరు పెట్టడం ఆ విధంగా న్యాయమే.

ఊరి మొదట్లో పెద్ద బసవన్న. ఒకే రాతిలో మలచిన విగ్రహం, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టెడ దగ్గరికి వెళ్ళి చూడండి. ఆ పట్టెడ చేసిన శిల్పికి ఎద్దుల అలంకారం బాగా తెలుసు. అతను ఖచ్చితంగా రైతు ఇంటికి దగ్గరివాడై ఉంటాడు.

ఇందాక చుట్టాలని చెప్పాను. లేపాక్షికి దగ్గర్లో, చిలమత్తూరు మండలంలో వీరాపురమనే పల్లె ఉంది. జనవరి నుంచి ఎండాకాలం దాకా ఆ ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. సైబీరియా కొంగలని కొందరు రాస్తుంటారు గానీ ఇవి మన దేశపు పక్షులే. ఇళ్ళ మధ్య చెట్ల మీదే కాపురం. వాసన ఉంటుంది, రొద ఉంటుంది. అయినా ఊరివాళ్ళు చెట్లు కొట్టరు, గూళ్ళు తీయరు. చుట్టుపక్కల చెరువులు ఎండితే కొంగలకు చేపలు దొరకవు. అంటే ఇక్కడ కూడా ప్రశ్న నీళ్ళదే. వెళ్ళినవారు గట్టిగా కేకలు వేయకుండా, చెట్ల కిందికి గుంపుగా పోకుండా దూరం నుంచి చూసి రండి.

మూడో రోజు మధ్యాహ్నానికి పెనుకొండ చేరుకోవచ్చు. ఘనగిరి అని దీనికి ఇంకొక పేరు. 14వ శతాబ్దం నుంచి విజయనగర రాజులకు ఇది ముఖ్యమైన కోట. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు ఏనుగుల మీద ఖజానా ఎక్కించుకుని, సదాశివరాయలతో సహా ఇక్కడికి వచ్చాడు. హంపి కాలిపోయింది గానీ రాజ్యం అప్పుడే ముగియలేదు. పెనుకొండ రాజధానిగా మరికొన్నాళ్ళు నడిచింది. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. 1592లో వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. గగన్‌మహల్, పక్కపక్కనే కట్టిన రామాలయం, శివాలయం, పార్శ్వనాథ బసది, బాబయ్య దర్గా, ఇవన్నీ కాలినడకన చూడదగిన దూరంలో ఉన్నాయి. జైనుల నాలుగు విద్యాస్థానాల్లో పెనుకొండ ఒకటి. బాబయ్య ఉరుసుకు అన్ని మతాలవారూ వస్తారు. హంపి చూసినవారు ఎంతమందో, పెనుకొండలో బస్సు దిగినవారు ఎంతమందో లెక్క వేసుకుంటే మన నిర్లక్ష్యం మనకే తెలుస్తుంది.

ఊరి పక్కన 2019 నుంచి పెద్ద కార్ల కర్మాగారం నడుస్తున్నది. దానికి దగ్గరగా గొల్లపల్లి జలాశయం. శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ–నీవా కాలువలో ఎత్తిపోసిన కృష్ణా నీరు అందులోకి వస్తుంది. పెన్న సీమకు ఇప్పుడు కృష్ణమ్మ నీళ్ళు పోస్తున్నది. మొన్న నంది దగ్గర చూసినదానికీ, ఇక్కడ చూస్తున్నదానికీ సంబంధం మీరే గమనించండి.

రాత్రికి ధర్మవరం చేరి, నాలుగో రోజంతా చేతిపనులకే ఉంచండి. ప్రయాణం వేసుకునేవారు చాలామంది గుళ్ళకూ కొండలకూ రోజులు పంచి, చేతిపనులకు చివర్లో అరగంట ఇస్తారు. ఆ అరగంటలో దుకాణంలో బేరమాడడం తప్ప మరేమీ కుదరదు. గుడి ఎదురుచూస్తుంది, కొండ ఎదురుచూస్తుంది. చేతిపని ఎదురుచూడదు. చేసేవాడు మానేస్తే అది అక్కడితో సరి.

పొద్దున ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు వెళ్ళండి. తోలుబొమ్మల ఊరు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, సాగదీసి ఆరబెడతారు. అది వెలుతురు దూరేటంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో రంధ్రాలు చేసి, రెండు వైపులా రంగులు వేస్తారు. నగల దగ్గర రంధ్రాలు ఎంత దట్టంగా ఉంటే దీపం ముందు ఆ నగలు అంత మెరుస్తాయి. ఈ కళాకారుల్లో మరాఠీ మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆడించేది మాత్రం తెలుగు రామాయణం. తెల్లవార్లూ సాగే ఆట. మద్దెల, హార్మోనియం, తాళాలు, తెర వెనుక ఆడవాళ్ళ పాట. నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరిపెద్దల్ని కూడా ఎగతాళి చేస్తుంటే పిల్లలు నవ్వి నవ్వి నిద్ర మరిచేవారు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా ఆడించే ఊళ్ళు తగ్గిపోయాయి. అప్పుడు ఈ కుటుంబాలు అదే తోలుతో దీపపు గొడుగులు, గోడబొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. దీపపు గొడుగు కొనండి, తప్పులేదు. దాంతో పాటు ఒక చిన్న ఆట వేసి చూపించమని అడిగి, దానికి వేరే డబ్బు ఇవ్వండి. చేతిలో ఉలి బతికింది. గొంతులో పద్యం కూడా బతకాలంటే అడిగేవాళ్ళు ఉండాలి.

మధ్యాహ్నం ధర్మవరం నేతపేటకు రండి. గుంటమగ్గం ముందు కూర్చుని నేసేవాడు ఒక్కడే కనబడతాడు గానీ చీర వెనుక ఇంటిల్లిపాదీ ఉంటారు. కండెలు చుట్టే ఆడవాళ్ళు, రంగు అద్దేవాళ్ళు, డిజైను అట్టలు కొట్టేవాళ్ళు. మామూలు చీరకు వారం పట్టవచ్చు. బుటా, జరీ ఎక్కువైతే ఇంకా రోజులు. దారం కర్ణాటక నుంచి, జరీ సూరత్ నుంచి, డిజైను లేపాక్షి నుంచి, పనితనం ధర్మవరం నుంచి. నేతగాళ్ళలో ఎక్కువమంది షావుకార్ల దగ్గర ముడిసరుకు తీసుకుని కూలికి నేస్తారు. ముడిపట్టు ధర పెరిగితే ఆ బరువు మగ్గం మీదే పడుతుంది. చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గాల మీద నేయరాదని 1985లో చట్టం వచ్చింది. అయినా ఆ రకాలే మరమగ్గాల మీద నేసి చవకగా అమ్ముతున్నారన్న ఫిర్యాదు ఆగలేదు. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ళ వార్తలు ఈ ఊరి నుంచి ఎన్నోసార్లు వచ్చాయి. అందమైన చీర గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టకూడదు.

మరి ప్రయాణికులుగా మనం చేయగలిగిందేమిటి? కొనేటప్పుడు పట్టు స్వచ్ఛతకు సిల్క్‌మార్కు, చేనేతకు హ్యాండ్లూమ్‌మార్కు ఉన్నాయేమో చూడండి. రెండూ వేర్వేరు. మొదటిది పట్టు అసలైనదని చెబుతుంది గానీ చేత్తో నేశారని చెప్పదు. వీలైతే సహకార సంఘంలోనో నేసిన ఇంట్లోనో కొనండి. కొనే ముందు, అన్నా, దీనికి ఎన్ని రోజులు పట్టింది అని ఒక్క మాట అడగండి. ఆ జవాబు విన్నాక బేరం ఎంతవరకు ఆడాలో మీ మనసే చెబుతుంది. కొనకపోయినా పరవాలేదు. మగ్గం ముందు పిల్లల్ని ఒక గంట కూర్చోబెట్టండి.

సొంత వాహనం లేనివారు కూడా ఈ ప్రయాణం చేయవచ్చు. బెంగళూరు నుంచి దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు, హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరానికి రైలుమార్గం ఉంది. ఈ ఊళ్ళలో దిగితే మిగిలినవాటికి బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. దారి పొడవునా రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి దొరికే పూటకూళ్ళు ఉంటాయి. తినడానికి కొదవలేదు. నీళ్ళ సీసా మాత్రం దగ్గర పెట్టుకోండి. ఖాళీ సీసాను పెన్న ఇసుకలో పారేయకుండా తిరిగి తెచ్చుకోండి.

శ్రోతలారా! 2007లో చిక్కబళ్ళాపురం కొత్త జిల్లా అయింది. 2022లో లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. గీతలు ముందు కూడా మారాయి, ఇక ముందూ మారవచ్చు. పట్టుగూడు అటు నుంచి ఇటు వస్తూనే ఉంది, మొక్కుబడి ఇటు నుంచి అటు పోతూనే ఉంది. కొంగలు ఏ చెరువులో నీళ్ళుంటే ఆ చెరువుకు పోతున్నాయి. పెద్దలు ఈ సీమకు చెరువు, గుడి, మగ్గం మూడూ కలిపి ఇచ్చారు. మనం గుడి ఒక్కటే చూసి వస్తే వారసత్వంలో మూడో వంతు మాత్రమే చూసినట్టు. ఈసారి బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు నాలుగు రోజులు చేతిలో ఉంచుకుని, పెన్న వెంట నెమ్మదిగా ఇంటికి రండి.